నలభై మూడో నంబరు రాయి

ఫిబ్రవరి 26. ఎండ. చలి.

ఈ ఏడాది కూడా ఎర్రటోపీ నాకే వచ్చింది. అడవి మంటల కావలి పని. పదిహేను కిలోల నీళ్ళ పంపు వీపున కట్టుకుని రెండు కిలోమీటర్లు నడవాలి, అదీ పరీక్ష. పన్నెండు మంది వచ్చారు. డెబ్బై ఒకటో ఏట నేను ఏడోవాణ్ణి చేరాను. నా వెనక వచ్చినవాళ్ళలో అరవై ఏళ్ళవాడొకడు గట్టు మీద కూలబడి కక్కుకున్నాడు. దేశం ఎటు పోతోందో చెప్పడానికి ఇది చాలు.

సహకార సంఘం వాళ్ళు ఇచ్చిన కొత్త డైరీ ఇది. అట్ట మీద నా పేరు రాశాను, బాంగ్ దాల్సు అని. వాతావరణం, పని, నా అభిప్రాయం, ఈ మూడే రాస్తాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి నిజమే రాస్తాను.

ఫిబ్రవరి 28. మబ్బు.

ఫోనుకి ఇవాళ ఏడు హెచ్చరికలు వచ్చాయి. గాలి పొడిగా ఉందని ఒకటి. ఎడారుల నుంచి పసుపు దుమ్ము వస్తోందని ఒకటి. పక్క జిల్లాలో ఎనభై ఏళ్ళాయన ఊదారంగు జాకెట్టుతో కనిపించకుండా పోయాడని ఒకటి, దొరికాడని ఇంకొకటి. ప్రతిదానికీ ఫోను పందిని కోస్తున్నట్టు అరుస్తుంది. నా అభిప్రాయం: అన్నిటికీ అరిచే ఫోను నిజంగా కొంప అంటుకున్న రోజు అరిస్తే ఎవడూ లేవడు.

టీవీలో పార్లమెంటు సభ్యులు మళ్ళీ చొక్కాలు పట్టుకున్నారు.

సాయంత్రం ప్యోతో చదరంగం. ఓడిపోయాను. ప్యో ఇంచాన్‌లో ముప్పై ఏళ్ళు మెట్రో రైలు నడిపాడు. మూడేళ్ళ కింద మా ఊరొచ్చి, కొండ కింద, నా మిరప చేను పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. ఒక్కడే ఉంటాడు. మంచివాడే గానీ పట్నం మనిషి. ఇంటి ముందు మాంసం కాల్చుకునే పొయ్యి పెట్టాడు. ఆ పొయ్యి మీద మూడేళ్ళుగా ఒక కన్నేసి ఉంచాను. ఊరికి కావలి అంటే అదే.

మార్చి 2. ఎండ.

హెచ్చరిక బ్యానర్లు కట్టాను. వంతెన దగ్గర రెండు, ఊరి హాలు ముందు ఒకటి. "ఒక్క నిప్పురవ్వ చాలు, వందేళ్ళ అడవి బూడిద." మంచి మాట. ఒకటి మిగిలితే నా మిరప చేను కంచెకే కట్టాను. బ్యానరు వెడల్పుగా ఉంది, వెనకున్న మిరపకట్టె మోపులు దారిన పోయేవాళ్ళకు కనబడవు. అందుకని కట్టలేదు. కంచె అక్కడ ఉంది కాబట్టి కట్టాను.

మార్చి 4. ఎండ, మధ్యాహ్నం కాస్త వెచ్చన.

డ్యూటీ లేదు. ఏటి ఒడ్డున రాళ్ళు వెతికాను. మంచి రాయి దొరకడమంటే మాటలు కాదు. పక్కనుంచి చూస్తే కొండలా ఉండాలి, లేదా జంతువులా ఉండాలి, మనిషి ఉలి తగిలి ఉండకూడదు. రెండు తెచ్చాను.

ఇంటావిడ గుమ్మంలోనే ఆపింది. "నలభై ఏళ్ళు చేలోంచి రాళ్ళు ఏరి బయట పారేశాం. ఇప్పుడు మీరేమో ఏటికెళ్ళి రాళ్ళు మోసుకొచ్చి ఇంట్లో పెడుతున్నారు."

అభిరుచి గురించి ఆవిడతో మాట్లాడి లాభం లేదు. ప్రతి రాయికీ కింద తెల్లరంగుతో నంబరు వేస్తాను. మనసు విరిగినవాటికీ నంబరు చెరపను. పద్ధతంటే పద్ధతే. నలభై మూడో నంబరుది పడుకున్న ఆవులా ఉండేది. ఆరు నెలలు టీవీ పక్కన పెట్టుకున్నాను. ఒకరోజు ఇంటావిడ తుడుస్తూ, "ఇది బూటులా లేదూ?" అంది. అప్పట్నించీ నాకు ఆవు కనబడలేదు. దాన్ని పెరట్లో పడేశాను.

మార్చి 7. ఎండ. మట్టి పొడి పొడి.

కట్టెను ముక్కలు చేసే యంత్రం మా ఊరికి ఏప్రిల్ 22న వస్తుందట. బంగాళాదుంపలు మార్చి లోపల వెయ్యాలి. అప్పటిదాకా మిరపకట్టెను నా నెత్తిన పెట్టుకోవాలా? ఈ షెడ్యూలు వేసినవాడు జన్మలో పలుగు పట్టి ఉండడు.

ఇవాళ ఆరిళ్ళకు వెళ్ళి ఏమీ కాల్చొద్దని చెప్పాను. ఆఖరున మిర్యాంగ్ వదిన. అరవై ఏళ్ళ కింద మిర్యాంగ్ నుంచి కోడలిగా వచ్చింది, ఇంకా ఆ ఊరి నోరే.

"వదినా, ఆ నువ్వుకట్టె కాల్చకు. జరిమానా పడుద్ది."

"మా అత్త కాల్చింది, నేనూ కాలుస్తున్నా. పురుగు చావద్దా?"

"పురుగుతో పాటు మంచి పురుగులూ చస్తాయంట. పరిశోధనలో తేలింది."

"పరిశోధన ఎప్పుడు చేశావు? పోయినేడు మీ చేలో పొగ లేచినప్పుడా?"

"అది పొగమంచు, వదినా."

"ఆహా. మిరపకాయ ఘాటు కొట్టే మంచు."

ముసలితనంలో ముక్కు కూడా మోసం చేస్తుంది.

మార్చి 10. ఎండ.

ఆలోచించి చూస్తే, ఈ నిషేధం అజాగ్రత్తగా కాల్చేవాళ్ళ కోసం. జాగ్రత్త తెలిసినవాడి సంగతి వేరు. కావలివాడు ఎదురుగా నిలబడి కాలిస్తే అది కాల్చడం కాదు, పర్యవేక్షణ.

మోపులు ఆరు. చేను మూల గుంట తవ్వి, చుట్టూ నున్నటి ఏటి రాళ్ళు పేర్చాను. అన్నీ నంబరు పడని చిన్నవే. కొండ వైపు మాత్రం పెద్దది కావలసి వచ్చి నలభై మూడో నంబరుది పెట్టాను. బూటుకైనా ఒక పని దొరికింది.

మార్చి 11. గాలి లేదు.

రేపు పొద్దున్నే కాస్త పని ఉంది. నా డ్యూటీ తొమ్మిదింటికి.

మార్చి 12. గాలి.

ఉదయం 7.40కి కొండ అంచున మంట ఉందని కబురు చేసింది నేనే. అందరికంటే ముందు అక్కడున్నదీ నేనే. రెండోవాడు ప్యో, తోటకు నీళ్ళు పట్టే గొట్టం ఈడ్చుకుంటూ వచ్చాడు. హెలికాప్టరు మూడుసార్లు నీళ్ళు పోసింది. తొమ్మిదింపావుకి ఆరిపోయింది. కాలినవి: ఒక మడంత మేర పైన్ చెట్లు, మిర్యాంగ్ వదిన చెస్ట్‌నట్ చెట్లు, ఊరిపెద్ద గు హక్సు వాళ్ళ తాత సమాధి దిబ్బ మీద గడ్డి. మనుషులకు ఏమీ కాలేదు.

త్వరగా కబురు చేశానని అడవి శాఖ ఆఫీసు నుంచి ఫోను చేసి మెచ్చుకున్నారు.

సాయంత్రం ఇంటావిడ నా మొహంలోకి చూసింది. "కనుబొమలేవి?"

"ఆర్పుతుంటే కాలాయి."

"ఏది ఆర్పుతుంటే?"

సోయా పులుసు బాగుందన్నాను. ఇవాళ పులుసు చెయ్యలేదంది.

మార్చి 13. గాలి.

నాలుగు మోపులు చక్కగా కాలాయి. గాలి ఐదో మోపుకి వచ్చింది. గాలి రాదని చెప్పింది వాతావరణ శాఖ. నా అభిప్రాయం అక్కడే ఉంది.

ఊరి హాల్లో అందరూ ఉన్నారు. కింద నుంచి వేడి పెట్టిన నేల వెచ్చగా ఉంది. ఆడవాళ్ళు పూల బొమ్మల పేక ఆడుతున్నారు.

"పట్నపోళ్ళకి నిప్పు సంగతేం తెలుసు? మీట నొక్కితే అన్నం ఉడికే మనుషులు."

"కట్టెల పొయ్యి బూడిద ఇంటి వెనక పోశాడంట ప్యో."

"ఎవరు చూశారు?"

"చూడ్డమెందుకు? వాడి ఇల్లు అక్కడే కదా ఉంది."

మిర్యాంగ్ వదిన పేకముక్కని చాప మీద ఛెళ్ళున కొట్టింది. "దాల్సు చేనూ అక్కడే కదా ఉంది."

అందరూ చేతిలో ముక్కలు సర్దుకున్నారు. తర్వాత ఎవరో "ఎవరి వంతు?" అన్నారు. ఆట సాగింది.

ప్యో బూడిద అన్న మాట నేను అనలేదు. తల ఊపాను, అంతే. తల ఊపడం మెడనొప్పికి మంచిదని డాక్టరు చెప్పాడు.

మార్చి 14. మబ్బు.

ప్యో వచ్చాడు. బల్ల పరిచాం. నాలుగెత్తులు అయ్యాక అన్నాడు.

"అన్నా, నేను బూడిదని మూడు రోజులు నీళ్ళ డబ్బాలో ఉంచి గానీ పారెయ్యను. నీకు తెలుసు కదా. నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"ఊళ్ళో నేనే పెట్టానంటున్నారు."

"ఊరన్నాక ఏదో ఒకటి అంటారు."

అతను బల్ల మీద నా ఫిరంగి పావు వైపు చూశాడు. "ఈ ఫిరంగి ఒక తమాషా, అన్నా. మధ్యలో ఇంకొకడు ఉండాలి. వాడి మీదుగా దూకితేనే కదులుతుంది. లేకపోతే ఉన్నచోటే."

ఆట గురించే అన్నాడు. ఓడిపోయాను.

మార్చి 15.

చేను మూలకు వెళ్ళాను. చిన్నరాళ్ళు మసిబారి ఉన్నాయి. కాలిన మేరంతా ఆఫీసువాళ్ళు పసుపు టేపు కట్టారు కాబట్టి కదపడానికి లేదు. నలభై మూడోది లేదు. చుట్టుపక్కల వెతికాను. లేదు.

మార్చి 16.

చల్లారిన బూడిదలోంచి కూడా నిప్పు లేస్తుందని టీవీలో చెప్పారు. ఏ చానెలో గుర్తులేదు.

మార్చి 17. ఎండ.

ఊరిపెద్ద ఇంట్లో పంచాయితీ. హక్సు ప్యోకి బియ్యం కల్లు తనే పోశాడు. మర్యాద తెలిసినవాడు.

"ప్యో గారూ, ఒప్పుకుంటే తేలిపోయే పని. కల్లు ఒక పెట్టె, ముద్ద పిండివంటలు కాసిని పంచి, పొరపాటైంది అనండి. మా తాతకి ఒక దండం పెట్టండి. అయిపోయింది."

"చెయ్యని పనికి క్షమాపణా?"

"చేసిన పనికైతే ఎవడైనా చెప్తాడండీ. చెయ్యనిదానికి చెప్తేనే కదా ఊళ్ళో కలిసిపోయినట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్యో నవ్వలేదు. చెప్పకపోతే కొండ ఊట నుంచి అతనింటికి వచ్చే నీళ్ళ గొట్టం సంగతి ఊరు మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందని హక్సు మెల్లగా చెప్పాడు. ఇది బెదిరింపు కాదన్నాడు కూడా.

ప్యో గిన్నె ఖాళీ చేసి లేచాడు. "మూడేళ్ళు ఇక్కడ నీళ్ళు తాగాను. చాల్లెండి."

మార్చి 18.

ప్యో గేటుకి బోర్డు. ఇల్లు అమ్మబడును. అక్షరాలు వంకర. నన్ను అడిగితే చక్కగా రాసిచ్చేవాణ్ణి.

మార్చి 20. ఎండ, గాలి.

ఆఫీసు నుంచి ఒక అమ్మాయి దర్యాప్తుకి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పసుపు, ఎరుపు చిన్న జెండాలు గుచ్చుకుంటూ, ప్రతి చెట్టు మొదలూ ఏ వైపు ఎక్కువ మాడిందో చూసుకుంటూ కొండ మీద నుంచి కిందికి దిగింది. వెనక పదమూడు మందిమి. జెండాల మధ్య ఎడం తగ్గుతూ వచ్చి, ఆఖరి జెండా నా చేను మూల పడింది.

"మంట ఇక్కడే పుట్టింది. ఇవి ఏటి రాళ్ళు, చేలో రాళ్ళు ఇంత నున్నగా ఉండవు. ఎవరో గుండ్రంగా పేర్చారు. కొండ వైపు ఒకటి తగ్గింది. ఎవరి చేను?"

"నాది."

"కావలి మీరే కదా?"

"ఆయన డ్యూటీ ఎక్కేది తొమ్మిదింటికమ్మా" అన్నాడు హక్సు. "ఈ రాళ్ళు పట్నపోళ్ళ పని. మాంసం కాల్చుకోడానికి ఎక్కడపడితే అక్కడ పేరుస్తారు. పక్కిల్లు చూశారుగా, పొయ్యి ముందే ఉంది."

"అవునవును" అన్నారు ఇద్దరు ముగ్గురు.

మా ఊళ్ళో ఏటి నుంచి రాళ్ళు మోసేవాడు ఒక్కడే. పసిపిల్లకి కూడా తెలుసు, ఊళ్ళో పసిపిల్ల ఉంటే. నేను కాక పన్నెండు మంది నిలబడి ఉన్నారు, ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. అంత బాగా చూడకుండా ఉండటం అలవాటు లేకుండా రాదు. ప్యో తన గేటు దగ్గర నిలబడి విన్నాడు.

ఆ అమ్మాయి మాత్రం చూసింది. నా కనుబొమలు ఇంకా సగమే మొలిచాయి.

"కావలివాడి వాంగ్మూలం కావాలి" అని ఒక కాగితం ఇచ్చింది. "ఎవరు పెట్టారో, మీకు తెలిసింది రాసి ఇరవై నాలుగో తారీఖుకల్లా ఇవ్వండి. కేసు ఎవరి మీదన్నది మీ మాటతోనే తేలుతుంది."

దార్లో హక్సు భుజం తట్టాడు. "అన్నా, ఊరు నీ వెనకుంది." నిజమే. వెనక ఉందని వీపుకి తెలుస్తూనే ఉంది.

మార్చి 21. మబ్బు.

ప్యో సంచీతో వచ్చాడు. సంచీలోంచి నలభై మూడో నంబరు రాయి తీసి చదరంగం బల్ల మీద పెట్టాడు. ఒక పక్కంతా నల్లగా మాడింది. తిరగేశాడు. నంబరు తెల్లగా అలాగే ఉంది.

"ఎక్కడిది?"

"పన్నెండునే తీశా. గొట్టం లాగుతుంటే కాలికి తగిలింది. ఆఫీసరు చేతిలో పడితే నీ పని అయిపోద్ది కదా."

"తొమ్మిది రోజులు ఇంట్లో పెట్టుకున్నావా?"

"చెప్తావేమోనని చూశా, అన్నా."

ఇంటావిడ వంటింట్లో ముక్కలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"నన్ను ఊరు అనడం సరే. వాళ్ళకి నేనెవర్ని? నువ్వు రోజూ నా ఎదురుగా కూర్చుని ఆడావు. బల్ల అవతల ఇంత దూరం కూడా లేవు. నెలాఖరుకి ఇల్లు చూడ్డానికి మనిషొస్తున్నాడు. నీ రాయి నీకిచ్చేస్తున్నా. ఇంచాన్ దాకా మొయ్యలేను."

"కూర్చో. ఒక ఆట."

"ఎవరితో?" అన్నాడు. వెళ్ళిపోయాడు.

కత్తి మళ్ళీ మొదలైంది, గట్టిగా.

మార్చి 23. సన్నటి జల్లు.

వాంగ్మూలం. ముందు ఈ డైరీలోనే చిత్తు రాస్తున్నాను.

మంటకు కారణం: తెలియదు.

మంటకు కారణం: తీవ్రమైన పొడి వాతావరణం, గాలి.

మంటకు కారణం: కట్టె కోసే యంత్రాన్ని బంగాళాదుంపల అదునుకి పంపకపోవడం అనే ప్రభుత్వ విధానం. (ఇది నిజమే. ఇది ఎక్కడైనా రాయాలి.)

మంటకు కారణం: పక్కింటి

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. ఇంటావిడ బార్లీ నీళ్ళు తెచ్చింది, కాగితం చదవలేదు. "పన్నెండో తారీఖు పొద్దున ఐదున్నరకి లేచి అగ్గిపెట్టె వెతుక్కున్నారు. పొయ్యి వెనక ఉందని నేనే చెప్పా" అంది. "నన్ను అడిగితే అదే చెప్తా. నాకు రెండు రకాలుగా చెప్పడం రాదు."

కాగితం మీద, చిత్తు లేకుండా:

నిప్పు పెట్టినవాడు: బాంగ్ దాల్సు. వయసు: 71. వృత్తి: అడవి మంటల కావలి.

నా దస్తూరి ఎప్పుడూ బాగుంటుంది.

మార్చి 24. ఎండ.

కాగితం ఇచ్చేశాను. ఆ అమ్మాయి చదివి, "కనుబొమలు మొలుస్తున్నాయండీ" అంది, అంతే. కబురు బస్సు కంటే ముందు ఊరు చేరింది. వంతెన దగ్గరే హక్సు అడ్డం వచ్చాడు.

"ఏం పనయ్యా ఇది! ఊరు ఊరంతా నీ కోసం అబద్ధమాడింది. ఇప్పుడు మేమేం అవ్వాలి?"

"అబద్ధమాడమని నేనడగలేదు."

"అడక్కుండా చేశాం కదయ్యా! అడిగితే ఎవడైనా చేస్తాడు. మా తాత దిబ్బ మీద గడ్డి కాలినా నోరు మూసుకున్నా. బయటివాడి ముందు మా అందరి పరువూ తీశావు."

ఊరి హాల్లోకి వెళ్తే నేల వెచ్చగానే ఉంది, జరిగి చోటిచ్చినవాళ్ళు లేరు. మిర్యాంగ్ వదిన ఒక్కతే తలెత్తింది.

"నా చెట్లు ఎన్ని కాలాయని రాశావు?"

"పది."

"పదకొండు. ఒప్పుకున్నావు సరే, సరిగ్గా ఒప్పుకో."

వెనక్కి వెళ్ళి దిద్ది వచ్చాను. బస్సుకి గంటన్నర ఆగాల్సి వచ్చింది.

మార్చి 27.

ఎర్రటోపీ, చేతిపట్టీ, బండికి తగిలించే, హెచ్చరిక రికార్డు పాడే చిన్న మైకు తిరిగి ఇచ్చేశాను. కేసు నడుస్తుందట, పిలిచినప్పుడు వెళ్ళాలి. బ్యానరు కూడా విప్పమన్నారు. బంగాళాదుంపలు వేశాను.

మార్చి 31.

ప్యో ఇల్లు చూడ్డానికి మనిషి వచ్చాడు. కాలిన కొండ చూశాడు. వెళ్ళిపోయాడు.

నేను గేటు దాకా వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. "తప్పు నాది. తమ్ముడూ, నీ మీదుగా దూకాను" అన్నాను. ప్యో కాసేపు బోర్డు మీద దుమ్ము తుడిచాడు. "ఊఁ" అన్నాడు.

హక్సు నీళ్ళ గొట్టం సంగతి ఎత్తడం మానేశాడు. మొదట్నించీ అసలు ఎత్తనేలేదని ఇప్పుడు ఊళ్ళో అభిప్రాయం.

ఏప్రిల్ 6. ఎండ.

పొద్దున చేలో ఉంటే మోటారు బండి ఆగింది. మైకులో ఆడగొంతు, "పంట వ్యర్థాలు కాల్చకండి." ఎర్రటోపీ కింద ప్యో.

"నీకిచ్చారా?"

"ఖాళీ పడింది. పంపు మోశా. నాలుగోవాణ్ణి చేరా." నా చేను మూల వైపు చూశాడు. "అన్నా, ఆ ఒక్క మోపు ఏంటి?"

"మిగిలింది. యంత్రం ఇరవై రెండుకి వస్తుంది."

"అప్పటిదాకా తడి గోనె కప్పు. రాసుకుంటున్నా." నిజంగానే రాసుకున్నాడు, సమయంతో సహా.

నా అభిప్రాయం: నెత్తిన టోపీ పడగానే మనిషి మారిపోతాడు. పక్కింటివాడి మోపు మీద ఇంత కన్నేయడం పెద్దమనిషి తరహా కాదు. బయటివాళ్ళకి అధికారం ఇస్తే ఇంతే.

గోనె కప్పాను.

ఆరింటికి, డ్యూటీ దిగాక, టోపీ లేకుండా వచ్చాడు. బోర్డు పీకి పొయ్యిలో పెట్టానన్నాడు. బూడిద నీళ్ళలో ఉందన్నాడు. నేను అడగలేదు. బల్ల పరిచాను. ఓడిపోయాను.

నలభై మూడో నంబరు రాయిని ఇంటావిడ కడిగి ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువు పెట్టింది. ఒక పక్క మాడటం వల్ల ఇప్పుడు పక్కనుంచి చూస్తే మళ్ళీ అచ్చం పడుకున్న ఆవులాగే ఉంది. మెడ, వీపు, మడిచిన కాళ్ళు, అన్నీ ఉన్నాయి. ప్యోని పిలిచి చూపించాను. వంగి, తల అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు.

బూటు అన్నాడు.